తాళమున్న రూము జోలికి పోవద్దు

"మన ఫైర్ స్టేషన్ చరిత్ర రాయాలి లింబాద్రి గారూ. మీరు చెప్తూ ఉండండి, నేను టైపు చేసుకుంటాను" అని శ్రీవాణి మేడం ల్యాప్‌టాప్ తెరిచేసరికి లింబాద్రికి నవ్వాగలేదు. చరిత్రంటే రాజులకుండాలి, కోటలకుండాలి. గల్ఫులోని ఈ లేబర్ క్యాంపులో, మెస్సు పక్కన నాలుగు రేకులు కప్పిన షెడ్డుకూ, అందులో నిలబెట్టిన ముసలి ట్యాంకరుకూ చరిత్రేమిటి? కానీ గురువారం నాడు కంపెనీ పెద్దలు వస్తున్నారు. రిబ్బను కత్తిరిస్తారు. షెడ్డు ఆ రోజు నుంచి షెడ్డు కాదు, స్టేషను. స్టేషనన్నాక గోడ మీద బోర్డుండాలట, బోర్డు మీద చరిత్ర ఉండాలట.

"ఎక్కడ మొదలైంది?" అని అడిగిందామె. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు. నెత్తిన హెల్మెట్ ఇంకా బరువుగా ఉన్నట్టు మాటిమాటికీ సర్దుకుంటోంది.

"తోటల మొదలైంది మేడం. గా గోడవతల ఖర్జూరం తోట కనవడుతది సూడు, అండ్ల నిప్పువడ్డది. మేం డ్యూటీ దిగి బస్సు దిగుతున్నం. తోట అర్బాబు, గదే ఓనరు, ముసలాయిన, ఒక్కడే బకెట్ పట్టుకొని ఉరుకుతున్నడు. సూసుకుంట ఎట్లుంటం? గోనెసంచులు తడిపి కొట్టినం. ఖాలీ సిమెంటు బస్తాలు తడిపి కొట్టినం. ఆరింది. తెల్లారి ఆ ముసలాయిన ఈ ట్యాంకర్ తోలుకొచ్చి ఇడిసి పోయిండు. నాకు పనికిరాదు, మీరుంచుకోండ్రి అన్నడు."

ట్యాంకరుకు మగ పేరు పెడదామని కొందరూ ఆడ పేరు పెడదామని కొందరూ కొట్లాడుకుని చివరికి అందరూ 'ముసల్ది' అనే పిలుస్తున్నారు. దాని వెనక బిగించిన ఆయిల్ ఇంజను మాత్రం లింబాద్రి సొంత బిడ్డలాంటిది. సైటులో తుప్పు పట్టి పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. హ్యాండిలు తిప్పేముందు పంపులో చెంబెడు నీళ్లు పోయాలి, పోయకపోతే ఎంత తిప్పినా గాలే తప్ప నీళ్లు రావు. తిప్పేటప్పుడు బొటనవేలు హ్యాండిలు మీదికి చుట్టకూడదు, ఇంజను ఎదురు తన్నిందంటే వేలు విరుగుతుంది. ఊళ్లో కాలువ మోటార్ల దగ్గర నేర్చిన విద్య అది. షెడ్డు ముందు గంట కూడా సొంత తయారీయే. లారీ బ్రేక్ డ్రమ్ము వేలాడదీసి పక్కన బోల్టు కట్టారు. హోస్ పైపుకు పడ్డ చిల్లులకు ఖమరుద్దీన్ సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాడు. ఖమరుద్దీన్‌ది నిజామాబాదు. నోట్లో నువ్వుగింజ నానదు గానీ, నాజిలు పట్టుకుని నిలబడ్డాడంటే నీళ్లు ఎక్కడ పడాలో అక్కడే పడతాయి.

ఇవన్నీ చెబుతుంటే శ్రీవాణి టకటకా కొట్టుకుంటూ పోయింది. మధ్యలో తలెత్తి, "టీమ్ పెట్టిన తర్వాత ఎవరైనా చనిపోయారా?" అంది.

"ఒక్క పానం పోలే మేడం."

"వెరీ గుడ్. మరి మంట వచ్చినప్పుడు రూములు ఎలా చెక్ చేస్తారు?"

"ముందుగాల మెయిన్ స్విచ్ గుంజుతం. తెరిచున్న రూములల్లకు పోయి కేకేస్తం. తాళమున్న రూము జోలికి పోం."

"అదేంటి?"

"ముందట ఒకపారి డి లైను రూములల్ల మంటొచ్చింది మేడం. అప్పుడు మాకు తెల్వక ఒక్కో తాళం పలగ్గొట్టుకుంట కూసున్నం. లోపల ఎవ్వల్లేరు, అందరు డ్యూటీల ఉన్నరు. గంతల లైను మొత్తం కాలిపాయె. పైనుంచి మా పెట్టెలల్ల సామాన్లు పోయినయని లొల్లి. గప్పటిసంది రూలు పెట్టిన. లోపల మనిషుంటే బయట తాళమెట్ల ఉంటది?"

శ్రీవాణి తల ఊపి అది కూడా రాసుకుంది. లింబాద్రి చెయ్యి తనకు తెలియకుండానే నడుముకు పోయింది. మొలతాడుకు కట్టిన తాళంచెవి చొక్కా మీదుగా గట్టిగా తగిలింది. బి లైనులో అతని రూముకు బయట తాళం వేసి ఉంది. లోపల మనిషి ఉన్నాడు. అంత నదురూ బెదురూ లేకుండా ఆ మాట ఎలా అనగలిగాడో అతనికే అర్థం కాలేదు. అబద్ధం చెబితే నాలుక తడబడుతుందంటారు. అతని నాలుక తడబడనే లేదు.

*

లోపలున్నవాడు సంజీవ్, లింబాద్రి భార్యకు తమ్ముడు. మేకల మందలు కాయించుకునే ఒక యజమాని దగ్గర పడి, ఒంటరిగా ఎడారిలో ఉండలేక పారిపోయి వచ్చాడు. పాస్‌పోర్టు అక్కడే ఉండిపోయింది. కాగితాల్లేని ఇలాంటివాళ్లను గల్ఫులో ఖల్లివల్లి అంటారు. ఇక్కడి సర్కారు క్షమాభిక్ష ప్రకటిస్తే, పాస్‌పోర్టు బదులు ఔట్‌పాస్ కాగితం తీసుకుని ఇంటికి పోవచ్చు. అందాకా ఎవరి కంటా పడకుండా ఉండాలి.

ఉండటానికి క్యాంపులో ఒకటే పద్ధతి. పొద్దున రూములోని వాళ్లంతా డ్యూటీకి పోతూ ఎప్పటిలాగే బయట తాళం వేస్తారు. తాళం చూసి చెకింగుకు వచ్చినవాళ్లు ముందుకు పోతారు. లోపలి మనిషి సాయంత్రం దాకా దగ్గడు, తుమ్మడు, మంచం మీద పక్కకు ఒత్తిగిల్లడు. సంజీవ్ అయితే నిద్రపోవడానికే భయపడుతున్నాడు. నిద్రలో గురక పెడతాడట.

ఆ సాయంత్రం లింబాద్రి తాళం తీసి లోపలికి వెళ్లేసరికి సంజీవ్ గోడకు ఆనుకుని మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాడు. ఏసీ వేసుకోలేదు. ఏసీ శబ్దం వింటే లోపల ఎవరో ఉన్నారనుకుంటారని.

"ఉడికిపోతలేవారా?" అన్నాడు లింబాద్రి.

"అలవాటైంది బావా. ఎడారిల కంటె నయమే గద."

లింబాద్రి అన్నం డబ్బా విప్పి ముందు పెట్టాడు. సంజీవ్ చప్పుడు కాకుండా తినడం నేర్చుకున్నాడు. ఉల్లిగడ్డ కూడా కొరకకుండా నాలుక మీద పెట్టుకుని మెత్తబడేదాకా ఆగుతున్నాడు.  ఇంటి దగ్గర వీడు పెళ్లిళ్లలో డప్పు కొడితే పక్క ఊరికి వినిపించేది.

"జెర ఓపిక పట్టు. క్షమాభిక్ష ఇస్తరంటున్నరు."

"నాకేం గాదు బావా. దొరికితే నిన్ను గూడ తీస్కపోతరని భయం. అక్క నన్ను జీవితకాలం తిడతది."

అప్పుడే బయట తాళంచెవుల గుత్తి చప్పుడైంది. క్యాంప్ బాస్ రామసుబ్బయ్య వస్తున్నాడు. కడప జిల్లా మనిషి, నల్లగా, ఎత్తుగా ఉంటాడు. అతని గుత్తి చప్పుడు వింటే చాలు, క్యాంపులో అగరుబత్తులు కూడా ఆరిపోతాయని ఖమరుద్దీన్ అంటుంటాడు. సంజీవ్ చేతిలో ముద్దతోనే మంచం కిందికి జారిపోయాడు. లింబాద్రి తలుపు తెరిచి గడపలో నిలబడ్డాడు.

"లింబాద్రీ, గురువారం అందురూ గ్రౌండులో ఉండల్ల. ఒక్క రూము గూడా తెరిచి పెట్టేదిల్యా. అన్నిటికీ తాళాలు. పెద్దోళ్లు వస్తాండారు" అన్నాడు రామసుబ్బయ్య.

"సరే అన్నా."

"ఇంగోమాట. ఎవుని రూములోనన్నా ఖల్లివల్లోడు దొరికినాడంటే, వానితోపాటు ఆ రూమోన్ని గూడా ఇమానం ఎక్కిస్తా. నా సంగతి తెలుసుగదా, నేను శానా చెడ్డోణ్ణి."

చెప్పి, లోపలికి తొంగి చూడకుండానే ముందుకు వెళ్లిపోయాడు. లింబాద్రి తలుపు మూసి అలాగే నిలబడ్డాడు. వీడికి గుండె ఉండాల్సిన చోట తాళం కప్ప ఉందేమో అనుకున్నాడు. సంజీవ్ మంచం కింద నుంచి బయటికి వచ్చి, చేతిలోనే ఉన్న ముద్దను మళ్లీ డబ్బాలో పెట్టేశాడు.

*

గురువారం మధ్యాహ్నం దాటాక గ్రౌండులో షామియానా కింద పెద్దవాళ్లు కూర్చున్నారు. ఎండ నిప్పులు కురిపిస్తోంది. అతిథులు ఉడికిపోకూడదని మేనేజరు పెద్ద పెద్ద కూలర్లు తెప్పించాడు. వాటికి కరెంటు బి లైను నుంచే లాగారు. మైకుసెట్టుకూ అదే వైరు. ఎండలో జనమంతా లైన్లు కట్టి నిలబడ్డారు. రూములన్నిటికీ తాళాలు వేలాడుతున్నాయి.

రిబ్బను కత్తిరించారు. కొత్తగా ఎర్రరంగు వేసిన ముసల్దాని మెడలో పూలదండ పడింది. లింబాద్రి పంపులో నీళ్లు పోసి హ్యాండిలు తిప్పాడు, ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఖమరుద్దీన్ నాజిలు పట్టుకుని గాల్లోకి నీళ్లు చిమ్మితే ఇంద్రధనుస్సు కనబడింది. చప్పట్లు మోగాయి. పెద్దాయన ఒకాయన ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి కొట్టారు. ఫోటో సరిగ్గా రాలేదని మరోసారి కొట్టారు. అలా సగం ట్యాంకు ఇసుక పాలయింది. లింబాద్రికి ఒళ్లు మండింది గానీ పూలదండ వేసిన రోజు మొహం ముడుచుకుంటే బాగుండదని ఊరుకున్నాడు. తరువాత రూముల తనిఖీ ఎలా చేస్తారో చూపించమన్నారు. తాళమున్న తలుపును చేత్తో తట్టి చూపించి, "ఎవ్వల్లేరు" అని ముందుకు నడిచాడు. శ్రీవాణి దాన్ని ఇంగ్లీషులో మైకులో చెప్పింది. మళ్లీ చప్పట్లు.

మైకు కుయ్యిమని ఆగిపోయింది. కూలర్లు ఆగాయి. ఎవరో స్విచ్చు చూడమంటున్నారు. అంతలో బి లైను మధ్యలో రూఫు కింద నుంచి నల్లటి పొగ తాడులా లేచింది.

మొదట అందరూ ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. బ్రేక్ డ్రమ్ము గంట మోగేదాకా ఎవరికీ బుర్ర పనిచేయలేదు. ప్లైవుడ్ గోడల క్యాబిన్లు అవి. మంట ఒక రూములోంచి పక్క రూములోకి తలుపు తట్టకుండానే పోతుంది.

"మెయిన్ గుంజుండ్రి!" అని అరిచాడు లింబాద్రి. ముసల్దాన్ని బి లైనుకూ మెస్సుకూ మధ్యకు తోలారు. సముద్రం వైపు నుంచి గాలి కొడుతోంది, పొగంతా మెస్సు మీదికి, దాని వెనక స్టోరు మీదికి పోతోంది. లింబాద్రి ఇంజను దగ్గర నిలబడ్డాడు. పంపు మనిషి పంపు విడిచి కదలకూడదు. అది కూడా అతను పెట్టిన రూలే.

మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చి అందరూ బయటే ఉన్నారా అని అడిగాడు. రామసుబ్బయ్య మైదానం వైపు చెయ్యి చూపించాడు. "అందురూ ఈడనే ఉండారు సార్. రూములన్నిటికీ తాళాలే." అని, ఖమరుద్దీన్ వైపు తిరిగి గొంతు చించుకున్నాడు. "మెస్సు పక్క కొట్టండ్రా! సిలిండర్లుండాయి! రూములు పోతే పోనీ, మెస్సు పక్క కొట్టండి!"

ఖమరుద్దీన్ నాజిలు అటు తిప్పాడు. నీళ్లు మెస్సు గోడ మీద పడి ఆవిరవుతున్నాయి. లింబాద్రి రూము అటు కాదు, ఇటు, బి లైనులో ఉంది. మంటకూ దానికీ మధ్య ఇంకా కొన్ని తలుపులే ఉన్నాయి.

 చెబితే సంజీవ్‌ను జైలుకు తీసుకుపోతారు. తన కొలువు పోతుంది, బహుశా తననూ లోపల వేస్తారు. చుట్టూ పెద్దవాళ్లున్నారు, ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు. చెప్పకుండా పని జరిగితే బాగుండునని అతని మనసు దిక్కులు చూసింది. ఖమరుద్దీన్‌కు చేత్తో సైగ చేశాడు. "రూముల దిక్కు కొట్టు!"

"ఎందుకన్నా? తాళాలున్నయి గద! నువ్వే చెప్తివి!"

లింబాద్రి ఇంజను వైపు చూశాడు. ట్యాంకు వైపు చూశాడు. నీళ్లు సగానికి సగం తగ్గాయి. అంతసేపు తను ఏం చేశాడో తరువాత ఎన్నిసార్లు తలుచుకున్నా గుర్తురాలేదు. నిలబడ్డాడు, అంతే. మనిషి లోపల కాలిపోతుంటే కొలువు గురించి ఆలోచిస్తూ నిలబడ్డాడు. తరువాత అతని గొంతులోంచి అతనిది కాని కేక వచ్చింది.

"నా రూముల మనిషున్నడు!"

చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లంతా అతని వైపు తిరిగారు. శ్రీవాణి చేతిలో మైకు కింద పడింది.

"ఎవుడు వాడు?" అన్నాడు రామసుబ్బయ్య.

"నా బామ్మర్ది. ఖల్లివల్లి. లోపల పెట్టి తాళమేసిన. ఏమన్న చేసుకో అన్నా, నీళ్లు మాత్రం అటు తిప్పియ్యి!"

రామసుబ్బయ్య నోరు తెరిచాడు. ఒకసారి లింబాద్రిని, ఒకసారి మెస్సు వైపు చూశాడు. తిడతాడనుకున్నారు, కొడతాడనుకున్నారు. అతను నోరు మూసుకుని, గుటక మింగి, "సిలిండర్లు... ఆ పక్క సిలిండర్లుండాయి" అన్నాడు. 

"లేవండీ! సిలిండర్లన్నీ పకోడీల వంటకని పొద్దున్నే షామియానా ఎనక్కి తెచ్చేశానండీ! మెస్సులో ఒక్కటీ లేదు!" అని మెస్సు వంటమనిషి ఇస్రాయేలు కేక వేశాడు.

ఇంకేముంది, నాజిలు తిరిగింది. లింబాద్రి ఇంజనును ఇస్రాయేలు చేతుల్లో పెట్టి, తడి గోనె ఒకటి నెత్తిన కప్పుకుని పరుగెత్తాడు. తాళం చెయ్యి కాలేంత వేడెక్కి ఉంది. మొలతాడు తెంపి చెవి పెట్టాడు, తిరగలేదు. వెనక నుంచి ఎవరో గడ్డపార ఇచ్చారు. గడియ కొక్కెం ఊడి వచ్చింది.

సంజీవ్ తలుపు పక్కనే నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. తడి తువ్వాలు ముక్కుకు అదుముకున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. చంకల కింద చేతులు వేసి లాక్కొచ్చి ట్యాంకరు నీడలో పడేస్తే చాలాసేపు దగ్గాడు.

"తలుపెందుకు కొట్టలేవురా? ఒర్లితే ఇనకపోదుమా?" అని లింబాద్రి అతని చెంప మీద ఒక్కటి వేశాడు. వేసి, అదే చేత్తో అతని తల పొట్టకు హత్తుకున్నాడు.

"కొడితే నీ కొలువు పోతది గద బావా" అన్నాడు సంజీవ్.

 మంట తన గోడ దాకా వచ్చిందని వాడికి తెలుసు. బయట బావ ఉన్నాడనీ తెలుసు. అయినా వాడు నోరు మూసుకుని పడుకున్నాడు. ఇటువంటి క్రమశిక్షణ తనే నేర్పాడు.

*

ట్యాంకు ఖాళీ అయ్యాక ఇసుక కొట్టారు. ఇంకా అంటుకోని రెండు క్యాబిన్లను గొలుసు వేసి లారీతో లాగి పడగొట్టి మంటకు దారి లేకుండా చేశారు. సర్కారు ఫైరింజను అంత దూరం నుంచి వచ్చి మిగతాది ఆర్పేసింది. బి లైను సగం బూడిదయింది. మెస్సు నిలిచింది. పొగ పట్టి గోడ నల్లబడింది గానీ మంట అటు పోనే లేదు.

సర్కారు ఫైరు ఆఫీసరు ఒమానీ, నడివయసు మనిషి. ట్యాంకరునూ, అతుకుల పైపునూ చూసి ఖమరుద్దీన్ భుజం తట్టాడు. ప్రాణనష్టం లేదని ఎవరో ఇంగ్లీషులో ఫోనులో చెబుతున్నారు. మేనేజరు లింబాద్రి దగ్గరికి వచ్చి సంజీవ్‌ను ఎగాదిగా చూసి, దీని గురించి తరువాత మాట్లాడదామన్నాడు. మాట్లాడటానికేముంది, పెట్టె సర్దుకోవడమే. ఆశ్చర్యంగా లింబాద్రికి అప్పుడు భయం వేయలేదు. సంజీవ్ దగ్గుతున్నాడు, దగ్గు అందరికీ వినిపిస్తోంది, అది చాలనిపించింది.

ఆఫీసరు క్యాంప్ బాస్ ఏడని అడిగాడు. రామసుబ్బయ్య కనబడలేదు. వెతుకుతూ లింబాద్రి మెస్సు వెనక్కి వెళ్లాడు.

స్టోరు తలుపు దగ్గర రామసుబ్బయ్య మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో గుత్తి ఉంది. చీకట్లో కూడా ఏ చెవి ఏ తాళానిదో చెప్పగలిగే మనిషి, ఒక్కో చెవీ పెట్టి చూస్తూ, తిరగకపోతే తీస్తూ, మళ్లీ అదే చెవి పెడుతున్నాడు.

"ఏందన్నా? ఏమున్నది లోపల?"

అతను తలెత్తలేదు. "మహబూబీ" అన్నాడు.

"ఎవరు?"

"మా ఊరి బిడ్డ. ఒక ఇంట్లో పనికొచ్చింది. కొడతాంటే తట్టుకోలేక పారిపోయి నా కాడికొచ్చింది. ఔట్‌పాస్ వచ్చేదాకా ఈడ దాచినా. అన్నా అన్నా అంటాది..."

లింబాద్రికి వెంటనే బోధపడలేదు. పొగ ఇటే వచ్చింది. నీళ్లు ఇటు కొట్టమని ఈ మనిషి గొంతు చించుకున్నాడు. సిలిండర్లు, సిలిండర్లు అని. తరువాత ఆ నీళ్లను అటు తిప్పించిందెవరు?  లింబాద్రి గుత్తి లాక్కుని, చేతికి దొరికిన చెవి పెట్టి తిప్పాడు. తాళం ఊడింది. తలుపు మాత్రం రాలేదు. లోపలి వైపు తెరుచుకునే తలుపు, దానికి అడ్డంగా ఏదో బరువుంది. ఇద్దరూ కలిసి మెల్లగా తోశారు.

ఆమె తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఓణీ తీసి తలుపు కింద సందులో కూరింది. పొగ కింద నుంచి కాదు, పైన రేకు సందుల్లోంచి వచ్చింది. తలుపు కదలగానే పక్కకు ఒరిగిపోయింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఒంటి మీద కాలిన మచ్చ ఒక్కటీ లేదు.

లింబాద్రి కేకకు అందరూ పరుగెత్తుకొచ్చారు. సర్కారు మనుషులు ఆమెను బయట పడుకోబెట్టి గుండె మీద నొక్కారు, మూతికి గాలి పెట్టారు, చాలాసేపు ప్రయత్నించారు. శ్రీవాణి ఆమె మణికట్టు పట్టుకుని వదలకుండా కూర్చుంది. చివరికి ఆఫీసరే శ్రీవాణి చేతిని మెల్లగా విడిపించి, దుప్పటి కప్పమన్నాడు.

"ఏం జరిగినా శబ్దం చేయొద్దుమ్మా అని నేనే చెప్పినా" అంటున్నాడు రామసుబ్బయ్య, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "లింబాద్రీ, నువ్వు చెప్పినప్పుడే నేనూ చెప్పింటే... నోటిదాకా వచ్చిందిరా. పెద్దోళ్లంతా సూస్తాండారు. రేపు నా బిడ్డలెట్ల అనుకున్యా. మంట ఈ పక్కకు రాలేదులే అనుకున్యా."

లింబాద్రికి ఆ మెడ పట్టుకుని నలిపేయాలనిపించింది. రెండడుగులు ముందుకు వేశాడు కూడా. కానీ ట్యాంకరు దగ్గర తను బొమ్మలా నిలబడ్డ సమయం గుర్తొచ్చింది. ఆ కాసేపు ముందే అరిచి ఉంటే నీళ్లు ఇద్దరికీ సరిపోయేవేమో. ఇతను చెప్పలేకపోయాడు, తను ఆలస్యంగా చెప్పాడు. ఇద్దరి మధ్యా ఉన్న తేడా అంతే. ఆ తేడాకు ఒక ప్రాణం నిలిచింది, ఒక ప్రాణం పోయింది. లింబాద్రి కొట్టడానికి ఎత్తిన చేత్తో రామసుబ్బయ్య రెక్క పట్టుకుని లేపి నిలబెట్టాడు.

ఆఫీసరు శ్రీవాణితో ఏదో అన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని జనం వైపు తిరిగింది. "ఇంకెవరైనా లోపల ఉన్నారా అని అడుగుతున్నారు. వైర్లు ఇంకా వేడిగా ఉన్నాయట, పొగ ఇంకా ఉందట. ఎవరైనా ఉన్నారా?" అదే హిందీలోనూ చెప్పింది.

 మైదానం నిండా మనుషులు, అందరి చూపూ నేల మీదే.

"రామసుబ్బయ్యన్న నడుగుతె అందరు ఈడనే ఉన్నరని చెప్పిండు" అన్నాడు లింబాద్రి.  "నన్నడిగితె తాళమున్న రూముల ఎవ్వలుండరని చెప్పిన. ఇద్దరం అబద్ధాలే చెప్పినం. ఇప్పుడు మీరు చెప్పుండ్రి."

 దుప్పటి కిందనుంచి ఆమె పాదాలు బయటికి కనబడుతున్నాయి. ఇస్రాయేలు వంగి దుప్పటి కిందికి లాగాడు.

మొదట ఖమరుద్దీన్ కదిలాడు. నీళ్లు కారుతున్న ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. ఎవరి వైపూ చూడకుండా సి లైనుకు నడిచి, తన రూము తాళం తీసి తలుపు తెరిచాడు. నెరిసిన గడ్డం మనిషి ఒకడు గడప దాటి వచ్చి, వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

తరువాత ఇంకొకరు వెళ్లారు. తరువాత మరిద్దరు. ఒక లైను తరువాత ఒక లైనులో తాళాలు చప్పుడవుతున్నాయి. తలుపులు తెరుచుకుంటున్నాయి. మొగవాళ్లు, ఒకచోట ఒక ఆడమనిషి, చెమటకు తడిసిన బట్టలతో, చెప్పులు లేకుండా ఎండలోకి వస్తున్నారు. ఏ ఊరివాళ్లో, ఎన్నాళ్లుగా ఉన్నారో. ఆఫీసరు లెక్కపెట్టబోయి ఆపేశాడు. మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. రామసుబ్బయ్య లింబాద్రి భుజం పట్టుకుని వాళ్లను ఒక్కొక్కరినే చూస్తున్నాడు.

గంట మోగింది, మంట లేచింది, క్యాబిన్లు కూలాయి. అంత గోలలో ఒక్కరు కూడా లోపలినుంచి తలుపు కొట్టలేదు.